విండోస్ కీ ఎవరి పేరన ఉంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటినుంచి హైదరాబాద్ పాతబస్తీలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాల్లో వినపడే బేరం దాదాపు ఒకటే. "అన్నా, పదకొండు వెయ్యాలె, కీ ఎంత?" "ఒరిజినల్ అయితే వేలల్ల ఉంటది భాయ్. లైఫ్‌టైమ్ కీ అయితే ఐదొందలు." ఆ రెండు ధరలకూ అంత తేడా ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. ఏ కీ కొట్టినా తెర మీద వచ్చేది "యాక్టివేటెడ్" అన్న ఒక్క మాటే మరి.

చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్ దాటి, పత్థర్‌గట్టీ మీదుగా మదీనా చౌరస్తా దాకా నడిస్తే కంప్యూటర్ లేని వ్యాపారం కనిపించడం కష్టం. గాజుల కొట్లో బిల్లులు కొట్టడానికో సిస్టం, నెట్ సెంటర్లో పాస్‌పోర్టు ఫారాలకూ పాన్ కార్డులకూ నాలుగు, ఛత్తా బజార్ ప్రెస్సుల్లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు శుభలేఖలు కూర్చడానికి మరికొన్ని. వాటిలో విండోస్ ఎవరు వేశారో యజమానికి గుర్తుంటుంది. లైసెన్సు ఏ రకమో మాత్రం తెలియదు. దీనికి పాతబస్తీని ఒక్కదాన్నే అనడానికి లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్‌ఏ 2018లో ఇచ్చిన సర్వే ప్రకారం 2017లో భారతదేశంలో వాడిన సాఫ్ట్‌వేర్లో 56 శాతానికి లైసెన్సు లేదు. ప్రపంచం మొత్తం మీద అది 37 శాతం. ఇదే ఊళ్లో 1998 నుంచి మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ నడుస్తోంది. ఆ కంపెనీని 2014 నుంచి నడిపిస్తున్న సత్య నాదెళ్ల బేగంపేటలో చదువుకున్నవాడు. నదికి ఆ ఒడ్డున తయారయ్యే సరుకు ఈ ఒడ్డుకు దొంగదారిన రావడం మనకు కొత్తగా అనిపించదు.

చౌకది ఏది, ఖరీదైనది ఏది అని చూసి కీ ఎంచుకోవడంలోనే తప్పంతా ఉంది. ఏ కీ అయినా ఐదేసి అక్షరాల ఐదు గుంపులే, చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అది ఎవరికి కట్టుబడి ఉందన్నది అసలు ప్రశ్న. ఓఈఎం కీ మదర్‌బోర్డుకు కట్టుబడి ఉంటుంది. రిటైల్ కీ కొన్న మనిషికి. వాల్యూమ్ కీ మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకున్న సంస్థకు. ఈ మూడూ తెలిసినవాడికి చాలాసార్లు కీ కొనే పనే ఉండదని నా అభిప్రాయం.

ముందు ఓఈఎం సంగతి, మన చుట్టూ ఉన్న లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం దీనితో వచ్చినవే కాబట్టి. తయారీ కంపెనీయే విండోస్ వేసి పంపుతుంది. లైసెన్సు ఆ మదర్‌బోర్డుతో పుట్టి దానితోనే పోతుంది. విండోస్ 7 కాలం దాకా కీని స్టిక్కరు మీద అచ్చువేసి లాప్‌టాప్ అడుగున అంటించేవాళ్లు. వేడికీ రాపిడికీ అక్షరాలు అరిగిపోయి, అవసరం పడిన రోజున భూతద్దం పెట్టినా కనపడేవి కావు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి కీ నేరుగా మదర్‌బోర్డు మీది బయాస్ చిప్‌లోకి చేరింది. అందుకే ఇప్పుడు ఫార్మాట్ కొట్టి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇన్‌స్టాలేషన్ కీ అడగదు. చిప్‌లోంచి తనే చదువుకుని, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

ఇది తెలియక వృథాగా పోయే డబ్బు సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌ల దగ్గర ఎక్కువ. ఐటీ కంపెనీలు మూణ్నాలుగేళ్లు వాడి వదిలించుకున్న మిషన్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లకు వచ్చి, అక్కణ్నుంచి కోఠీకీ పాతబస్తీకీ చేరతాయి. కంపెనీలో ఉన్నప్పుడు వాటిలో తరచుగా విండోస్ ఎంటర్‌ప్రైజ్ నడుస్తుంది, సంస్థ సొంత సర్వర్ దాన్ని యాక్టివేట్ చేస్తుంది. మిషన్ బయటికొచ్చాక ఆ సర్వర్ దొరకదు, కొన్నాళ్లకు "యాక్టివేట్ చేయండి" అని తెర మూలన నీటిగుర్తు పడుతుంది. కొన్నవాడు కంగారుపడి ఐదొందల కీ కొంటాడు. నిజానికి ఆ తరహా బిజినెస్ మోడళ్లలో చాలావాటి బయాస్‌లో ఫ్యాక్టరీ వేసిన ప్రో కీ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్ తీసేసి ప్రో వేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. కాకపోతే డబ్బు ఇచ్చేముందు ఒకసారి ఫార్మాట్ చేయించి, నెట్‌కు కలిపి సెటప్ మొదలుపెట్టి చూడాలి. పాత కంపెనీ పేరుతో లాగిన్ అడిగిందంటే వాళ్లు తమ జాబితాలోంచి ఆ మిషన్‌ను తీయలేదన్నమాట. అప్పుడు ఏ కీ కొన్నా లాభం లేదు, బేరం వదులుకోవడమే మేలు.

ఓఈఎంలో ఇంకో చిక్కుంది, దాన్ని రిపేరు బల్ల దగ్గరే చూడాలి. లాప్‌టాప్ ఆన్ కావడం లేదని చిప్ లెవెల్ పని చేసేవాడి దగ్గరికి వెళ్తే బయాస్ పాడైందంటాడు. ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌కు క్లిప్పు తగిలించి, ప్రోగ్రామర్ అనే చిన్న పరికరంతో అందులో కొత్త ఫైలు రాస్తాడు. ఆ ఫైలు తరచుగా అదే మోడల్ వేరే లాప్‌టాప్‌లోంచి తీసింది, నెట్‌లో దొరికింది. ఉన్నదున్నట్టు రాసేస్తే మిషన్ లేచి కూర్చుంటుంది గానీ మీ కీ, సీరియల్ నంబరు రెండూ తుడిచిపెట్టుకుపోతాయి. వాటి స్థానంలో ఎవరివో వస్తాయి, లేదా ఖాళీ ఉంటుంది. పని తెలిసిన మెకానిక్ ముందు పాత చిప్‌లో ఉన్నది చదివి దాచుకుంటాడు, తర్వాత కీ ఉన్న భాగాన్ని కొత్త ఫైల్లోకి ఎక్కించి రాస్తాడు. "పాతది బ్యాకప్ తీసుకున్నవా అన్నా?" అని ముందే అడగడం చాలు, సగం నష్టం తప్పుతుంది. మదర్‌బోర్డే మార్చాల్సి వస్తే తయారీ కంపెనీ సర్వీస్ సెంటర్లో మార్పించుకున్నవాళ్లకు లైసెన్సు నిలుస్తుంది. బయట దొరికిన పాత బోర్డు వేయించుకుంటే మాత్రం మీ పాత లైసెన్సు దానికి రాదు.

మన దేశంలో అమ్మే లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే ఎడిషన్ పేరు హోమ్ సింగిల్ లాంగ్వేజ్. తెలుగు, ఉర్దూ టైపు చేయడం కుదరదేమోనని కొందరు ఇది చూసి ప్రోకు పరుగెత్తుతారు. అంత అవసరం లేదు. మెనూలు కనిపించే భాష ఒక్కటే అందులో మార్చలేం. కీబోర్డులు ఎన్ని భాషలవైనా పెట్టుకోవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటినుంచి ఆ సిస్టంలోకి రావాలన్నా, ఆఫీసు డొమైన్‌లో చేరాలన్నా, పూర్తి స్థాయి బిట్‌లాకర్ కావాలన్నా ప్రో తీసుకోవాలి. గాజుల కొట్టు బిల్లింగ్ సిస్టంకు వాటిలో ఏది కావాలో నాకైతే తోచదు.

రిటైల్ గురించి చెప్పేది తక్కువ. ఒక మిషన్‌లోంచి తీసి ఇంకో మిషన్‌లో పెట్టుకోవచ్చు, ఒకసారికి ఒక్కదాంట్లోనే. అమెరికాలో హోమ్ ధర 139 డాలర్లు, ప్రో 199. మన దగ్గరా వేలల్లో మాటే. అసెంబుల్డ్ సిస్టం కట్టించుకుని, రెండుమూడేళ్లకోసారి బోర్డు మార్చే అలవాటున్నవాళ్లకు అదే గిట్టుబాటు. అసెంబుల్డ్ సిస్టంతో పాటు అమ్మే ఓఈఎం ప్యాకు ఇంకొంచెం చౌకగా వస్తుంది గానీ, అది మొదట ఎక్కిన బోర్డుతోనే ఆగిపోతుంది. 2016 ఆగస్టు తర్వాతి విండోస్ 10 నుంచి డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ అకౌంటుకు కలుపుకునే వీలొచ్చింది. బోర్డు మారినా రిటైల్ లైసెన్సు వెనక్కి తెచ్చుకోవడానికి అదే దారి. ఇక్కడే మన దుకాణాల అలవాటొకటి కొంప ముంచుతుంది. సిస్టం కట్టిన కుర్రాడు తొందరలో తన ఈమెయిలుతోనే సెటప్ చేసి ఇచ్చేస్తాడు. డబ్బు మీది, లైసెన్సు కలిసింది అతని అకౌంటుకు. సెటప్ చేసేటప్పుడు పక్కన కూర్చుని మీ ఈమెయిలు మీరే కొట్టుకోవాలి.

ఇక వాల్యూమ్. ఐదొందల లైఫ్‌టైమ్ కీల గుట్టు చాలావరకు ఇందులోనే ఉంది. కాలేజీలు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు వందల సిస్టంలకు ఒకే ఒప్పందం చేసుకుంటాయి. వాటికిచ్చే కీలు రెండు రకాలు. మ్యాక్ కీకి ఇన్నిసార్లు యాక్టివేట్ చేయొచ్చని లెక్క ఉంటుంది. కేఎంఎస్ పద్ధతిలో సంస్థ సొంత సర్వరే యాక్టివేట్ చేస్తుంది. ఆ యాక్టివేషన్ 180 రోజులు నిలుస్తుంది, సిస్టం ఏడు రోజులకోసారి సర్వర్‌ను పలకరించి గడువు పొడిగించుకుంటుంది. అసలు ఆ సర్వర్ పని మొదలుపెట్టాలంటేనే కనీసం 25 విండోస్ సిస్టంలు అడగాలి. పైగా వాల్యూమ్‌లో వచ్చే విండోస్ అప్‌గ్రేడ్ మాత్రమే, కింద ఆ మిషన్‌కు ముందే ఓ లైసెన్సు ఉండి తీరాలి. నలుగురు పనిచేసే ప్రెస్సు కోసం పెట్టిన పద్ధతి కాదిది.

మరి బజారులోకి ఎలా వస్తున్నాయి? ఏదో సంస్థకు ఇచ్చిన మ్యాక్ కీలో మిగిలిన యాక్టివేషన్లను ఒక్కొక్కటిగా అమ్ముతారు. సాఫ్ట్‌వేర్ తయారీదారులు పరీక్షల కోసం చందా కట్టి తెచ్చుకున్న కీలనూ అమ్ముతారు. ఒక ఇంటికి పంపిన దావత్‌నామాలను గల్లీలో అమ్ముకుని ఫంక్షన్ హాలు నింపడం లాంటిది ఇది. లోపలికి పోనిచ్చినంత మాత్రాన పిలిచినట్టు కాదు. లెక్క మించిందనో బయటపడిందనో మైక్రోసాఫ్ట్ కీని అడ్డుకుంటే, తర్వాత ఫార్మాట్ కొట్టిన రోజున అది పనిచేయదు. అమ్మినవాడి నంబరు అప్పటికి పలకదు.

కీ కూడా లేకుండా "యాక్టివేటర్" అనే ప్రోగ్రాం నడిపించేవాళ్లు మరీ ఎక్కువ. కేఎంఎస్ సర్వర్ మీ సిస్టంలోనే ఉన్నట్టు అది నటిస్తుంది. నడిపించే ముందు యాంటీవైరస్ ఆపమంటాడు మెకానిక్, దాని వెంటే అప్‌డేట్లు కూడా ఆపేస్తాడు, అప్‌డేట్ వస్తే క్రాక్ పోతుందని. అప్‌డేట్లు ఆపితే ఏమవుతుందో 2017 మేలో చూశాం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో పలు చోట్ల కంప్యూటర్లు స్తంభించాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్న సిస్టంలకు ఆ కన్నం లేదు. కీ ఖర్చు మిగుల్చుకున్నామనుకునేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి, ముఖ్యంగా జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కులు దాచిపెట్టిన నెట్ సెంటర్ల వాళ్లు.

మీ సిస్టంలో ఏ రకం ఉందో తెలుసుకోవడం అర నిమిషం పని. విండోస్ బటన్‌తో కలిపి ఆర్ నొక్కితే చిన్న డబ్బా తెరుచుకుంటుంది. అందులో ఎస్ఎల్ఎంజీఆర్ అనే ఐదక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ అని కొట్టాలి. వచ్చే కిటికీలో రెండో వరుసలో చానెల్ పేరుంటుంది. ఓఈఎం డీఎం అంటే బయాస్‌లోని కీ. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని కనిపించి, మీరు ఏ సంస్థకూ చెందనివారైతే అది యాక్టివేటర్ పనే అనుకోవచ్చు. డీఎల్ఐ బదులు ఎక్స్‌పీఆర్ అని కొడితే గడువు తేదీ కూడా చెబుతుంది. "లైఫ్‌టైమ్" అని అమ్మిన కీకి అక్కడ తేదీ కనిపిస్తే అమ్మినవాణ్ని నిలదీయొచ్చు. రిటైల్ అని కనిపించిందని మాత్రం మురిసిపోనక్కర్లేదు. చందాదారుల కీలూ, కొన్ని కొత్త రకం క్రాకులూ అలాగే కనిపిస్తాయి. యాక్టివేట్ కావడం వేరు, లైసెన్సు ఉండడం వేరు. మొదటిదాన్ని కంప్యూటర్ చెబుతుంది, రెండోదాన్ని మీ దగ్గరున్న బిల్లు చెప్పాలి.

బిల్లు అనగానే గుర్తొచ్చేది ఒక కేసు. కొన్న సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్న తగవు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఒరాకిల్, లోటస్ లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1957 నాటి రాష్ట్ర అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను వేస్తే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఒప్పుకోలేదు. చేత్తో పట్టుకోలేని మేధోసంపత్తిని సరుకు అంటారా అని వాదించింది. 2004 నవంబరు 5న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, డిస్కులోకి ఎక్కి బజారుకు వచ్చాక అది సరుకేనని తేల్చింది. 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో సంగతి విడమరిచింది. కొన్నవాడికి దక్కేది వాడుకునే హక్కు, కాపీరైటులో వాటా కాదు. రెండూ పన్ను కేసులే, విండోస్ కీల మీద తీర్పులు కావు. అయినా కొనేవాడి స్థితి వాటిలో కనిపిస్తుంది. పన్ను దగ్గర సరుకు కొన్నవాడివే, వాడకం దగ్గర షరతులకు లోబడ్డవాడివి. యూరప్‌లో కథ కొంచెం వేరు. 2012 జులై 3న అక్కడి న్యాయస్థానం యూజ్డ్‌సాఫ్ట్ కేసులో, శాశ్వత లైసెన్సును కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చని చెప్పింది. ఆన్‌లైన్‌లో చౌక కీలమ్మేవాళ్లు పట్టుకు తిరిగేది ఆ తీర్పునే. కానీ ఒకే గుంపుగా కొన్న లైసెన్సును ముక్కలు చేసి అమ్మడాన్ని ఆ తీర్పే కాదంది. ఆ సంగతి వాళ్ల ప్రకటనల్లో ఉండదు.

మన కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభానికి వాడలేదని తేలితే కోర్టు జైలు వేయకుండా వదలొచ్చు. ఇంట్లో పిల్లల చదువుకు వాడే సిస్టంకూ దుకాణం సిస్టంకూ చట్టం ఇలా తేడా చూపింది. దుకాణాలవాళ్లకు అందుకే పన్ను బిల్లు ముఖ్యం. 18 శాతం జీఎస్టీతో, అమ్మినవాడి జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుంటే, జీఎస్టీ నమోదున్నవాళ్లకు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది కూడా. ఐదొందల కీకి అలాంటి బిల్లు అడిగి చూడండి, అమ్మేవాడి ముఖం చూస్తే చాలు.

ఛత్తా బజార్ ప్రెస్సుల సమస్య వీటన్నిటికంటే మొండిది. వాళ్లకు కొత్త విండోస్ అక్కర్లేదు, పాతదే కావాలి. ఉర్దూ కూర్పుకు 1994లో వచ్చిన ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్లు, పేజీలకు పేజ్‌మేకర్ 7. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. శ్రీలిపి లాంటి వాటికి సిస్టం వెనక గుచ్చే డాంగిల్. ఇరవై ఏళ్ల శుభలేఖల ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. విండోస్ 11లో 32-బిట్ ఎడిషనే లేదు. 16-బిట్ భాగాలున్న పాత ప్రోగ్రాములు 64-బిట్ విండోస్‌లో నడవవు. వీళ్లకు పనికొచ్చే హక్కొకటి ప్రో లైసెన్సులో ఉండేది. విండోస్ 10 ప్రో ఓఈఎం ఉన్న మిషన్‌లో చట్టబద్ధంగానే విండోస్ 7 ప్రోకు దిగే వీలుండేది, ఆ పాత వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఇచ్చినన్నాళ్లు. హోమ్ ఎడిషన్‌కు ఆ హక్కు లేదు. విండోస్ 7కు 2020 జనవరి 14తోనే అప్‌డేట్లు ఆగాయి కాబట్టి ఆ హక్కూ అక్కడితో ముగిసింది. సొంత లైసెన్సుతో వచ్చిన పాత విండోస్ సిస్టం ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకుని, దాని నెట్ తీగ పీకేయాలి. కూర్పు అందులో, వాట్సాప్‌లో ప్రూఫులు పంపడం వేరే సిస్టంలో. ఒక్క సిస్టంతోనే రెండు పనులూ లాగాలనుకున్నచోటే క్రాకులూ వైరస్‌లూ మొదలవుతాయి.

ఆ రెండో సిస్టంకు విండోసే అక్కర్లేదని నేనంటాను. లినక్స్‌కు కీ లేదు, యాక్టివేషన్ లేదు, ఎన్ని మిషన్లకైనా వేసుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వడం కూడా లైసెన్సు ఇచ్చిన హక్కే. హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్ ఓఎస్‌ను తయారుచేసి పంచింది. లిబ్రెఆఫీసులో యూనికోడ్ నస్తాలిఖ్ ఫాంటుతో ఉర్దూ, పోతనతోనో మరో ఫాంటుతోనో తెలుగు చక్కగా వస్తాయి. బ్రౌజరు, ఈమెయిలు, పీడీఎఫ్ ప్రింటు వీటికి లోటు లేదు. కోరెల్‌డ్రా మాత్రం అందులో లేదు, కొన్ని వేలిముద్రల యంత్రాలకూ ప్రింటర్లకూ డ్రైవర్లు దొరకవు. నెట్ సెంటర్లో నాలుగు సిస్టంలుంటే వేలిముద్రల యంత్రం తగిలించిన ఒక్కదానికి విండోస్ ఉంచి, ఫారాలు నింపే మూడింటికి లినక్స్ వేస్తే సరిపోతుంది. చాలామంది వేయరు. లినక్స్ వేసిచ్చే మెకానిక్ గల్లీలో దొరకడు, క్రాక్ వేసేవాడు ప్రతి మలుపులో ఉంటాడు. కష్టం అక్కడుంది గానీ సాఫ్ట్‌వేర్‌లో కాదు.

విండోస్ 10 ఉన్న పాత మిషన్లలో పదకొండు ఎక్కనివి ఎన్నో. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. అవి లేని సిస్టంకు కొత్త కీ అమ్మేవాడు మీకు పనికిరానిదే అమ్ముతున్నాడు. విండోస్ 7 కీ పెట్టి పైకి ఎక్కే పాత దారిని కూడా 2023 సెప్టెంబరులో మూసేశారు. సొంతంగా వాడుకునే సిస్టంలకు 2026 అక్టోబరు 13 దాకా ఒక ఏడాది అదనపు భద్రతా అప్‌డేట్లు ఉన్నాయి. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ అకౌంటుకు బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. కంపెనీలకైతే మొదటి ఏడాదికి సిస్టంకు 61 డాలర్లు, తర్వాత ఏటేటా రెట్టింపు. ఉచితంగా దొరికే ఆ ఏడాదికి సెట్టింగుల్లోని అప్‌డేట్ పేజీలోనే నమోదు కావాలి. దానికి ఏ దుకాణానికీ వెళ్లనక్కర్లేదు, ఎవరికీ ఐదొందలు ఇవ్వనక్కర్లేదు.